పాత సర్వర్లను ఇన్వెంటరీలోంచి తీసేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఐటీ అసెట్ ఇన్వెంటరీ బాధ్యత కొత్తగా మీ చేతికొచ్చింది. అందులో దాదాపు 1,400 ఎంట్రీలున్నాయి, మూడో వంతుకు ఓనర్ పేరే లేదు, కొన్ని విండోస్ సర్వర్ 2008 కాలం నాటివి. రెండు నెలల్లో ఆడిట్ ఉంది. వాడుకలో లేవనిపించినవి డిలీట్ చేసేసి జాబితా శుభ్రం చేసుకోవచ్చా, లేక దీనికో పద్ధతి ఉందా అని అడిగారు.

సూటిగా చెబుతాను: ఒక్క ఎంట్రీ కూడా డిలీట్ చేయకండి. ఎంట్రీ చెరిపేస్తే సర్వర్ ఎక్కడికీ పోదు, మీ కంటికి కనబడకుండా పోతుందంతే. రిటైర్ చేయడమంటే ఆ సర్వర్‌కి మిగతా వాటితో ఉన్న సంబంధాలన్నీ ఒక్కొక్కటిగా తెంచి, లోపలున్న డేటా సంగతి తేల్చి, అన్నీ అయ్యాక ఇన్వెంటరీలో స్టేటస్ మార్చడం. క్రమం ఇలా ఉంటుంది: ముందు ఓనర్‌ని పట్టుకోవాలి, ఎవరైనా వాడుతున్నారేమో లాగ్‌లలో చూడాలి, ఆపి కొన్నాళ్లు ఆగాలి, సంబంధాలు తెంచాలి, డేటా తుడవాలి, చివర్లో 'రిటైర్డ్' అని రాయాలి. నాలుగు వందల పైచిలుకు ఎంట్రీలకు ఇదంతా రెండు నెలల్లో అవ్వదు. ఆడిట్‌కి అంతా అయిపోవాల్సిన అవసరం కూడా లేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను. టెన్షన్ పడకండి.

నేను పద్దెనిమిదేళ్లుగా సర్వర్లు, నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. అందులో చాలా కాలం పాతవాటిని తీసే పనే చేశాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ఓనర్ తేలనిదాన్ని ముట్టుకోవద్దు

జాబితాలో పేరు లేదంటే ఓనర్ లేడని కాదు, రాసిపెట్టలేదని. వెతికితే నూటికి తొంభై సార్లు దొరుకుతాడు. కొనుగోలు ఆర్డర్ ఏ విభాగం పేరు మీద ఉందో చూడండి. చివరిసారి లాగిన్ అయింది ఎవరో చూడండి. బ్యాకప్ కావాలని టికెట్ పెట్టింది ఎవరో తీయండి. అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది మానిటరింగ్: డిస్క్ నిండిపోతే అలర్ట్ మెయిల్ ఎవరికి వెళ్తుందో చూడండి. ఆ మనిషికి నిజం తెలిసి ఉంటుంది, కనీసం ఎవరిని అడగాలో తెలుసు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇది మీకు ఇంకా కావాలా?" అని అడిగారనుకోండి, అందరూ "ఉండనివ్వండి" అనే అంటారు. ఉంచితే వాళ్లకు పోయేదేమీ లేదు కదా. నేను ఇలా రాస్తాను: "ఈ సర్వర్‌ని ఫలానా తేదీన నెట్‌వర్క్ నుంచి తీస్తున్నాం. ఉంచాలంటే దీని ప్యాచింగ్ (అప్‌డేట్లు వేసే) బాధ్యత, లైసెన్స్ ఖర్చు మీ విభాగం పేరు మీద రాస్తాం, ఒప్పుకుంటూ జవాబివ్వండి." నిజంగా అవసరమున్నవాళ్లు అదే రోజు ఫోన్ చేస్తారు. మిగతావాళ్లు మెల్లగా "తీసేయండి" అని రాస్తారు.

ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే మీ ఐటీ హెడ్‌నే తాత్కాలిక ఓనర్‌గా రాయించి, ఆయన లేదా ఆమె సంతకంతోనే ముందుకెళ్లండి. మీ ఒక్కరి నిర్ణయంగా మాత్రం చేయకండి.

వాడకంలో లేదని ఎలా తెలుస్తుంది?

సీపీయూ గ్రాఫ్ చూసి నిర్ణయించే వాళ్లను చాలామందిని చూశాను. అది నమ్మదగ్గ కొలమానం కాదు. ఏ పనీ లేని సర్వర్‌లో కూడా యాంటీవైరస్ స్కాన్, బ్యాకప్ ఏజెంట్, మానిటరింగ్ నడుస్తూనే ఉంటాయి, చూడ్డానికి బిజీగా కనిపిస్తుంది. ఇంకోపక్క, ఏడాదికి ఒక్కసారే పనిచేసే సర్వర్ మిగతా రోజుల్లో నిశ్శబ్దంగా పడి ఉంటుంది.

నేను చేసేది ఇది. ఫైర్‌వాల్ లాగ్ గానీ నెట్‌ఫ్లో (ఏ మెషీన్ దేనితో మాట్లాడిందో చెప్పే రికార్డు) గానీ కనీసం 90 రోజులది తీసుకుంటాను. అందులోంచి బ్యాకప్, మానిటరింగ్, యాంటీవైరస్, ప్యాచ్, డొమైన్ సర్వర్ల ఐపీలను, అంటే నెట్‌వర్క్ చిరునామాలను, తీసేస్తాను. ఆ తర్వాత మిగిలిన ట్రాఫిక్కే అసలు వాడకం. దాంతోపాటు సర్వర్‌లోకి వెళ్లి షెడ్యూల్డ్ టాస్క్‌లు, క్రాన్ జాబ్‌లు (పెట్టిన వేళకి తమంతట తామే నడిచే పనులు) ఒక్కొక్కటీ చదువుతాను. ఈ రెండో పని చేయకపోవడం వల్లే నాకో పెద్ద దెబ్బ తగిలింది.

ఒక సంస్థలో ర్యాక్ అడుగున ఒక సన్నటి సర్వర్ ఉండేది. దాని ముందు భాగాన తెల్ల టేప్ అంటించి, మార్కర్‌తో "ఆపవద్దు" అని, కింద రెండు పొడి అక్షరాలు రాసి ఉన్నాయి. ఇంకు వెలిసిపోయి ఆ రెండో అక్షరం సరిగ్గా కనబడేది కాదు. ఆ పొడి అక్షరాల మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. 45 రోజుల లాగ్ చూశాం, ఏ ట్రాఫిక్కూ లేదు. ఆపాం. 60 రోజులు ఆగాం, ఎవరూ నోరు మెదపలేదు. డిస్కులు తుడిచేశాం. తర్వాతి నెలలో ఆర్థిక సంవత్సరం ముగిసింది. అకౌంట్స్ వాళ్లు వచ్చి, ఆస్తుల తరుగుదల లెక్కల ఫైల్ ఏటా ఈపాటికి తనంతట తనే వచ్చేది, ఈసారి రాలేదన్నారు. ఆ ఫైల్ తయారుచేసేది ఆ సర్వరే. బ్యాకప్ ఉంది గనక బయటపడ్డాం, కానీ దాని లైసెన్స్ పాత నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్‌కి ముడిపడి ఉండటంతో మళ్లీ నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అకౌంట్స్ విభాగంలో ఎవరూ సరిగ్గా ఇంటికి వెళ్లలేదు.

అప్పటి నుంచి నా నియమం ఒకటే. నెట్‌వర్క్ నుంచి 30 రోజులకే తీసినా, పూర్తి ఇమేజ్ (డిస్కుల నకలు) మాత్రం 13 నెలలు దాచి ఉంచుతాను. 12 పెడితే సంవత్సరాంతపు పని ఒక వారం ఆలస్యమైనా దాటిపోతుంది, అందుకే 13.

ఆపి చూడటం: ముందు తీగ, తర్వాత పవర్

ఆపేసి ఎవరు గగ్గోలు పెడతారో చూడటాన్ని మా వాళ్లు స్క్రీమ్ టెస్ట్ అంటారు. మంచి పద్ధతే, కానీ చాలామంది నేరుగా పవర్ తీసేస్తారు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్ డిస్క్ ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ తిరగకపోవచ్చు. నాకు అలా రెండుసార్లు అయింది. అందుకే మొదట స్విచ్‌లో ఆ పోర్ట్ మూసేయండి. వర్చువల్ మెషీన్ అయితే దాని నెట్‌వర్క్ అడాప్టర్ డిస్‌కనెక్ట్ చేయండి. ఎవరైనా అరిస్తే ఒక్క కమాండ్‌తో తిరిగొస్తుంది. రెండు వారాలు గడిచాక పవర్ తీయండి.

హెల్ప్‌డెస్క్‌కి ముందే తేదీ, సర్వర్ పేరు చెప్పి ఉంచండి. లేకపోతే యూజర్ "రిపోర్ట్ తెరుచుకోవట్లేదు" అని పెట్టిన టికెట్ ఎక్కడెక్కడో తిరిగి మీ దాకా వచ్చేసరికి వారం పడుతుంది, మీరేమో ఎవరూ అడగలేదనుకుంటారు.

ఒక హెచ్చరిక. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్ మీద, అంటే సంస్థలో అందరి లాగిన్‌లనూ చూసే విండోస్ సర్వర్ మీద, ఈ పరీక్ష చేయకండి. దాన్ని పద్ధతిగా డిమోట్ చేసి (ఆ హోదా తీసేసి), అది మోస్తున్న రోల్స్ వేరేదానికి మార్చి తీయాలి. ఊరికే ఆపేసి మర్చిపోతే, టూంబ్‌స్టోన్ గడువు (చెరిపేసినవాటి గుర్తులు ఉండే కాలం) దాటాక, అంటే ఇప్పటి డిఫాల్ట్ ప్రకారం 180 రోజుల తర్వాత, దాన్ని తిరిగి ఆన్ చేయడమే ప్రమాదం. చెరిపేసిన పాత ఆబ్జెక్ట్‌లు మళ్లీ లేచి వస్తాయి.

సంబంధాలు తెంచడం

అసలు పని ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. తాళం వేశాను, గొళ్లెం మరిచాను అన్నట్టు, సర్వర్ పోతుంది గానీ దాని కోసం తెరిచిన దారులన్నీ అలాగే ఉంటాయి.

ఫైర్‌వాల్ రూల్స్ సంగతి ముందు చెబుతాను. ఒకచోట పాత డేటాబేస్ సర్వర్‌ని తీసేశారు, రూల్స్ తీయలేదు. ఆరు నెలలకు ఆ ఐపీ ఖాళీగా ఉందని ఎవరో కొత్త టెస్ట్ మెషీన్‌కి ఇచ్చారు. ఆ టెస్ట్ మెషీన్‌కి బయటి వెండర్లకు లాగిన్ ఉంది. పాత రూల్ ప్రకారం ఆ ఐపీ నుంచి ప్రొడక్షన్ పేరోల్ డేటాబేస్‌కి దారి తెరిచే ఉంది. నేను వేరే పని మీద లాగ్ చూస్తుంటే అనుకోకుండా కంటపడింది. నష్టం జరగలేదు, కానీ దాన్ని ఆపింది మన జాగ్రత్త కాదు. కాబట్టి ఐపీని తిరిగి ఇచ్చే ముందు, ఆ ఐపీ పేరున్న ప్రతి రూల్ తీసేయాలి. ఈ రెండూ ఒకే టికెట్‌లో ఉండాలి.

సైట్ పేర్లను సర్వర్ చిరునామాలకు కలిపే డీఎన్‌ఎస్‌లో క్రమం తప్పితే ఇంకా చిక్కు. మీ సబ్‌డొమైన్ ఒక క్లౌడ్ సర్వీస్ పేరుకి చూపిస్తోందనుకోండి. మీరు క్లౌడ్‌లో ఆ సర్వీస్ డిలీట్ చేసి డీఎన్‌ఎస్ రికార్డ్ వదిలేస్తే, అదే పేరుతో ఎవరైనా కొత్త సర్వీస్ తెరిచి మీ సంస్థ చిరునామా మీద తమ పేజీ పెట్టుకునే వీలుంటుంది. చూసేవాళ్లకు అది మీ సైటే. అందుకే ముందు డీఎన్‌ఎస్ రికార్డ్ తీసి, తర్వాతే క్లౌడ్ రిసోర్స్ తీయండి. స్టోరేజ్ బకెట్ (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) పేర్లకూ ఇదే జాగ్రత్త.

డొమైన్ పేర్ల విషయంలో నా సలహా కొందరికి నచ్చదు: పాత ప్రాజెక్ట్ డొమైన్‌ని వదిలేయకుండా రెన్యూ చేస్తూనే ఉండండి. 2024లో డాట్ మోబి డొమైన్ల పాత హూఈజ్ సర్వర్ (ఏ డొమైన్ ఎవరిదో చెప్పే సర్వర్) తాలూకు డొమైన్ గడువు తీరిపోతే వాచ్‌టవర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు 20 డాలర్లకు కొనుక్కున్నారు. అసలు సర్వర్ వేరే చిరునామాకి మారి చాలా కాలమైనా, కొన్ని రోజుల్లోనే 1,35,000కు పైగా వేర్వేరు సిస్టమ్‌లు ఆ పాత పేరునే అడుగుతూ వచ్చాయి. మీ పాత డొమైన్ మీద మెయిల్ ఐడీలు ఉండి ఉంటే, కొత్తగా కొన్నవాడికి ఆ ఐడీల పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ కూడా వెళ్తాయి. ఏడాదికి కట్టే రెన్యూవల్ దీని ముందు ఏపాటి?

ఇక సర్వీస్ అకౌంట్లు (మనుషులు కాక ప్రోగ్రామ్‌లు వాడే అకౌంట్లు), ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే కీలు), వీపీఎన్ ప్రొఫైళ్లు. 2021 మే నెలలో అమెరికా ఇంధన సంస్థ కలోనియల్ పైప్‌లైన్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగినప్పుడు, దాడి చేసినవాళ్లు లోపలికొచ్చింది వాడుకలో ఉండకూడని ఒక పాత వీపీఎన్ ప్రొఫైల్ ద్వారా. రెండో అంచె ధ్రువీకరణ దానికి లేదు. అమెరికా తూర్పు తీరానికి ఇంధనం పంపే లైన్ రోజుల తరబడి ఆగింది. అకౌంట్ కూడా అసెట్టే అని నేను పదే పదే చెప్పేది అందుకే. మొదట డిసేబుల్ చేయండి, నెల ఆగి డిలీట్ చేయండి.

సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా అంతే. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ 2003లోనే వాడటం మానేసిన ఒక ఫంక్షన్‌ని సర్వర్లలోంచి తీయకుండా వదిలేసింది. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్లింది. కొత్త కోడ్ కోసం మళ్లీ వాడిన పాత ఫ్లాగ్ (ఫంక్షన్‌ని ఆన్ చేసే గుర్తు), మిగిలిన ఆ ఎనిమిదో సర్వర్‌లో పాత ఫంక్షన్‌ని లేపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ పాత కోడ్‌ని 2003లోనే తీసేసి ఉంటే లేపడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఇవి కాక బ్యాకప్ జాబ్, లోడ్ బ్యాలెన్సర్ పూల్ (పనిని పంచుకునే సర్వర్ల జాబితా), మానిటరింగ్, సర్టిఫికెట్, లైసెన్స్, మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, క్లౌడ్‌లో విడిగా పడి ఉండే స్నాప్‌షాట్‌లు, డిస్కులు. వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు, టికెట్‌లో చెక్‌లిస్ట్ పెట్టుకుంటే చాలు. మెషీన్ డిలీట్ చేసినా దాని డిస్కులకు బిల్లు వస్తూనే ఉండటం క్లౌడ్‌లో నేను చాలాచోట్ల చూశాను.

డేటా: దాచాల్సింది, తుడవాల్సింది

రెండు వేర్వేరు ప్రశ్నలు అడగండి. చట్టప్రకారం గానీ కేసుల వల్ల గానీ ఏది దాచాలి? ఇది మీరు తేల్చేది కాదు, లీగల్, అకౌంట్స్ వాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. దాచినదాన్ని రేపు చదవగలమా? దీని జవాబు మాత్రం మీదే. ఒక పాత అప్లికేషన్ డేటాను టేప్‌లో భద్రంగా ఏడేళ్లు దాచినవాళ్లు నాకు తెలుసు. తీరా కావాల్సి వచ్చినప్పుడు టేప్ బాగానే ఉంది, దాన్ని చదివే డ్రైవ్ లేదు, ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సూ లేదు. అందుకే రిటైర్ చేసే ముందు టేబుల్స్‌ని మామూలు సీఎస్‌వీ ఫైల్స్‌గా కూడా తీసి, వేరే మెషీన్‌లో తెరిచి చూసి మరీ దాచండి.

తుడవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకాన్ని చాలామంది అనుసరిస్తారు. అందులో క్లియర్, పర్జ్, డిస్ట్రాయ్ అని మూడు స్థాయిలున్నాయి. పాత హార్డ్ డిస్క్‌కి పనికొచ్చిన "మూడుసార్లు పైన రాయడం" పద్ధతి ఎస్‌ఎస్‌డీకి (తిరిగే పళ్లెం లేని, చిప్‌ల డ్రైవ్‌కి) సరిపోదు. ఎస్‌ఎస్‌డీ లోపల కంట్రోలర్ రాతలను వేర్వేరు సెల్స్‌కి మళ్లిస్తుంది, మీరు పైన రాశాననుకున్న చోట పాత డేటా అలాగే ఉండొచ్చు. దానికి డ్రైవ్‌లోనే ఉండే శానిటైజ్ లేదా సెక్యూర్ ఎరేజ్ కమాండ్ వాడాలి, లేదా మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కీని నాశనం చేయాలి. క్లౌడ్‌లో కీ డిలీట్ చేసేటప్పుడు తొందరపడకండి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో కీని డిలీట్‌కి పెడితే 7 నుంచి 30 రోజుల వెయిటింగ్ ఉంటుంది. నేనెప్పుడూ 30 రోజులే పెడతాను.

తుడిచే పని బయటివాళ్లకు ఇస్తే సీరియల్ నంబర్ల వారీగా సర్టిఫికెట్ తీసుకుని, మీ జాబితాతో ఒక్కొక్కటీ పోల్చండి. మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ, డేటా నాశనం చేయడంలో అనుభవం లేని ఒక మూవర్స్ కంపెనీకి పాత డిస్కులు అప్పగించింది. వాటిలో కొన్ని కస్టమర్ల డేటాతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2022లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీతో 3.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

తీయలేనివి కొన్ని మిగులుతాయి

ఒక యంత్రాన్ని నడిపే పాత పీసీ విండోస్ ఎక్స్‌పీ మీదే ఉంటుంది, ఆ యంత్రం వెండర్ కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడు. అలాంటిదాన్ని బలవంతంగా తీయలేం. ఇంటర్నెట్ పూర్తిగా ఆపి, విడి నెట్‌వర్క్‌లో పెట్టి, అవసరమైన ఒక్క పోర్ట్ మాత్రమే తెరిచి, ఎవరు ఒప్పుకున్నారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో రాసి పెట్టండి. గడువు తేదీ లేని మినహాయింపుకి మాత్రం సంతకం పెట్టించుకోకండి.

ఎంట్రీలో ఏం మిగలాలి

స్టేటస్ 'రిటైర్డ్', తేదీ, ఆమోదించినవారు, టికెట్ నంబర్, సీరియల్ నంబర్, డేటా ఎక్కడ దాచారు, ఎలా తుడిచారు. ఇంతే. అసెట్ ట్యాగ్‌ని, హోస్ట్ పేరుని ఇంకోదానికి మళ్లీ ఇవ్వకండి. రిటైర్ అయిన పేరు రేపు లాగ్‌లో కనిపిస్తే అదే మీకు గంట కొట్టినట్టు. ఎంట్రీ చెరిపేసి ఉంటే ఆ గంట వినబడదు. అకౌంట్స్ వాళ్ల స్థిరాస్తుల రిజిస్టర్‌తో కూడా ఒకసారి సరిచూడండి. మనం ఎప్పుడో తుక్కుకి పంపినవాటికి వాళ్లు ఇంకా తరుగుదల వేస్తూ ఉంటారు.

ఇక మీ రెండు నెలల సంగతి

నేను చూసిన ఆడిటర్లు జాబితా చిన్నగా, నున్నగా ఉందా అని చూడరు. పద్ధతి ఉందా, దాని ప్రకారం చేసినట్టు రుజువుందా అని అడుగుతారు. ఆడిట్‌కి ముందు హఠాత్తుగా నాలుగు వందల ఎంట్రీలు మాయమైతే పాత బ్యాకప్‌తో పోల్చి అదే మొదటి ప్రశ్న వేస్తారు.

కాబట్టి మొదటి రెండు వారాలు ఓనర్ల వేటకు పెట్టండి. అదే సమయంలో సపోర్ట్ ముగిసినవాటిని వేరు చేయండి: విండోస్ సర్వర్ 2008, 2008 ఆర్2లకు 2020 జనవరి 14న, 2012, 2012 ఆర్2లకు 2023 అక్టోబర్ 10న, లినక్స్ రకమైన సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30న ముగిసింది. విండోస్ 10 పీసీలుంటే వాటికి మామూలు సపోర్ట్ గడువు 2025 అక్టోబర్ 14. డబ్బు కట్టి పొడిగింపు తీసుకుని ఉంటే ఆ కాగితం ఎంట్రీకి జతచేయండి.

అందులో ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవి మొదటి వరస. 2017లో అమెరికా క్రెడిట్ రిపోర్ట్‌ల సంస్థ ఈక్విఫ్యాక్స్‌లో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయినప్పుడు దాడి జరిగింది బయటికి తెరిచి ఉన్న ఒక పాత పోర్టల్ మీద. ఆ పోర్టల్ వాడిన అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి ప్యాచ్ అప్పటికే వచ్చింది. కానీ సంస్థలో ఏది ఎక్కడ నడుస్తోందో చెప్పే పూర్తి ఇన్వెంటరీ లేదని తర్వాత జరిగిన విచారణ తేల్చింది. రెండో వరసలో కస్టమర్ల, ఉద్యోగుల డేటా ఉన్నవి పెట్టండి. మిగతావి 'రిటైర్మెంట్ పెండింగ్' అన్న స్టేటస్‌తో, ఓనర్ పేరు, అనుకున్న తేదీ రాసి ఉంచితే ఆడిట్‌కి అది చాలు.

మొదటి వరసలోంచి ఒక్క సర్వర్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా అన్నీ చేసి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీ చెక్‌లిస్ట్‌కి కొత్త లైన్ చేరుతుంది. ఓనర్ లేనివాటిలో బయటికి తెరిచి ఉన్నవి ఎన్ని తేలాయో చెప్పండి. ఆ సంఖ్య పదికి మించితే వాటిని ముందు మూసేయడమా, తీయడమా అన్నది విడిగా మాట్లాడుకోవాలి.